కోటగిరి దారి ముళ్ళు

పిల్లలూ, మన దేశంలో కోటగిరి అనే ఊరు ఒకటే అనుకోకండి. నీలగిరుల్లో ఒక కోటగిరి ఉన్నది. అక్కడ తేయాకు తోటలూ, చలీ, మంచూ. "ఈసారి కోటగిరి వెళదాం" అని నేను అనగానే మా మేనల్లుడు ఉన్ని చొక్కా సర్దుకోవటానికి కారణం అదే. మేము వెళ్ళింది మరొక కోటగిరికి. ఇది నిజామాబాదు జిల్లాలో, బోధనుకు దక్షిణంగా, బాన్సువాడకు ఉత్తరంగా ఉన్నది. శాసనసభ ఎన్నికలకు కోటగిరి బాన్సువాడ నియోజకవర్గంలో ఉన్నా, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి పోయింది, కోటగిరి నిజామాబాదులోనే ఉండిపోయింది. మార్చి నెలలో ఇక్కడ ఉన్ని చొక్కా వేసుకున్న మనిషి ఉడికిపోతాడు.

మేము బోధను నుంచి సైకిళ్ళ మీద బయలుదేరాం. రోడ్డుకు రెండు పక్కలా చూపు ఆనినంత మేర వరి. మంజీర నది మీద కట్టిన నిజాంసాగరం నుంచి ఈ ప్రాంతానికి కాలవలు వచ్చాయి. ఆ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు చాలామంది వచ్చి, భూములు కొని, ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ళు కాపురమున్న చోట్లను ఇప్పటికీ "క్యాంపులు" అంటారు. పడమరగా పోయి మంజీర దాటితే మహారాష్ట్ర. అందుచేత ఈ వైపున ఏ టీకొట్టు దగ్గర అరగంట కూచున్నా తెలంగాణా తెలుగూ, కృష్ణా గోదావరి తెలుగూ, ఉర్దూ, మరాఠీ అన్నీ చెవిన పడతాయి.

ఒకప్పుడు ఈ రోడ్ల మీద చెరకు బళ్ళు బారులు తీరి బోధను వైపు పోయేవి. అక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 1937 నాటిది. అది 2015లో మూతపడింది. ఇప్పుడు మేము చూసినవి వరికోత యంత్రాలు ఎక్కించుకున్న లారీలు, ట్రాక్టర్లు, వాటి మధ్య బడికి పోయే పిల్లల సైకిళ్ళు.

ఇక మా సైకిళ్ళ సంగతి చెప్పాలి. నాది ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్న పాత నల్ల సైకిలు. మా మేనల్లుడిది హైదరాబాదు నుంచి బస్సు మీద వేసుకు వచ్చిన కొత్త సైకిలు. దాని టైర్లలో ట్యూబులు లేవు!

"ట్యూబు లేకపోతే గాలి ఎక్కడ ఉంటుంది?" అని మీరు అడుగుతారు. మోటారు సైకిళ్ళకూ, కార్లకూ ఇటువంటి టైర్లు మీరు చూసే ఉంటారు. టైరు అంచు చక్రపు ఇనప కట్టుకు, అంటే రిమ్ముకు, గాలి దూరకుండా గట్టిగా అతుక్కుంటుంది. టైరూ రిమ్మూ కలిసి తామే ఒక ట్యూబు అవుతాయన్నమాట. సైకిళ్ళకు ఈ పద్ధతి 1999 ప్రాంతంలో కొండదారుల సైకిళ్ళతో వాడుకలోకి వచ్చింది. పైగా మా వాడి టైర్ల లోపల రిమ్ము చుట్టూ కడియంలాగా ఒక ఫోము చుట్ట ఉన్నదట. "మామయ్యా, దీనికి పంక్చరన్నదే ఉండదు" అని వాడు దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. నేను వినీ విననట్టు ఊరుకున్నాను.

కోటగిరి ఇంకా కొంత దూరం ఉందనగా, ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు దారి ఇవ్వటానికి ఇద్దరం రోడ్డు దిగాం. నేల మీద పచ్చటి చిన్న పూలు పరుచుకుని ఎంతో ముచ్చటగా ఉన్నాయి. పది అడుగులు పోయామో లేదో నా సైకిలు వెనక చక్రం ఉస్సుమన్నది. దిగి చూద్దును గదా, టైరు నిండా పల్లేరు కాయలు!

పల్లెల్లో ఉండే పిల్లలకు పల్లేరును పరిచయం చెయ్యనక్కరలేదు. చెప్పులు లేకుండా నడిచే వాళ్ళందరికీ అది పాత శత్రువు. ఈసారి ఒక కాయను జాగ్రత్తగా పట్టుకుని చూడండి. ఎండిన కాయ సాధారణంగా అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు రెండు పెద్ద ముళ్ళూ, రెండు చిన్న ముళ్ళూ ఉంటాయి. దాన్ని బల్ల మీద పాచికలాగా వెయ్యండి. ఎట్లా వేసినా ఒక ముల్లు పైకి లేచి నిలబడుతుంది. ముల్లు కాలికి గుచ్చుకుంటే మనిషి గింజను తనతో మోసుకుపోతాడు, పశువు గిట్టకు గుచ్చుకుంటే పశువు మోసుకుపోతుంది. కాళ్ళు లేని మొక్క అట్లా ఊళ్ళు తిరుగుతుంది. పూర్వం యుద్ధాలలో గుర్రాలనూ ఏనుగులనూ ఆపటానికి నాలుగు మొనల ఇనప ముళ్ళు చేసి దారిలో చల్లేవారు. వాటి ఏర్పాటు కూడా అచ్చంగా ఇదే.

మన పల్లేరు అమెరికా కూడా చేరింది. గింజకు రెండు కొమ్ములున్నట్టు కనిపిస్తుంది గనక అక్కడి వాళ్ళు దాన్ని "మేకతల" అంటారు. ఐడహో రాష్ట్రంలోని బాయిజీ అనే పట్నంలో సైకిళ్ళ వాళ్ళు దీని బాధ పడలేక, 2018 నుంచి దాని పేరనే ఒక ఉత్సవం పెట్టుకున్నారు. జనం సంచుల కొద్దీ పల్లేరు మొక్కలు పీకి తెచ్చి, ఆ తరవాత వేషాలు వేసుకుని సైకిళ్ళ మీద ఊరేగుతారు. మన ఊళ్ళలో పల్లేరును పీకేవాళ్ళున్నారు గాని ఊరేగింపు చేసినవాళ్ళను నేను చూడలేదు.

సరే, మా వాడి టైరుకు కూడా ఏడు ముళ్ళు దిగి ఉన్నాయి. వాడు ఒక్కొక్క ముల్లూ లాగాడు. లాగిన చోటనల్లా తెల్లటి పాలలాంటి ద్రవం బుడబుడమని వచ్చి, చక్రాన్ని నాలుగుసార్లు తిప్పేసరికి ఆగిపోయింది. గాలి పోనే లేదు!

ఇందులో మంత్రమేమీ లేదు. మర్రి ఆకు తుంచి చూడండి. తెల్లటి పాలు కారి, కాసేపట్లో గడ్డకట్టి గాయాన్ని మూసేస్తాయి. ఆ చెట్టు తన పంక్చరు తానే వేసుకుంటుంది. రబ్బరు చెట్టు పాలు కూడా అటువంటివే. ట్యూబు లేని టైరులో పోసే మందు చాలావరకు ఈ రబ్బరు పాలే, అందులో సన్నటి పొడులు కలుపుతారు. చిల్లు పడగానే లోపలి గాలి ఒత్తిడి పాలను చిల్లులోకి తోస్తుంది, పాలు అక్కడ పేరుకుని బిరడా అవుతాయి. అయితే ఈ మందు కొన్ని నెలలకు ఎండిపోతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. మళ్ళీ పోస్తూ ఉండాలి. ఆ సంగతి తెలియక డబ్బు తగలేసి పంక్చర్లు వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

నేను సైకిలు నడిపించుకుంటూ, మా వాడు నవ్వుకుంటూ తొక్కుతూ, కాలవ గట్టు మీద అడ్డదారిన పోయాం. గట్టు మీద రాళ్ళు తేలి ఉన్నాయి. వాడు నన్ను చూసి నవ్వే ధ్యాసలో ఒక పదునైన రాతి మీదికి చక్రం ఎక్కించాడు. టైరు పక్కభాగం చిటికెనవేలి గోరంత తెగింది. పాలు చిందాయి, ఆగలేదు. గాలంతా పోయింది. నవ్వు కూడా పోయింది.

వింత ఏమిటంటే, వాడు దిగి నడవనక్కరలేకపోయింది. టైరు పూర్తిగా చప్పబడలేదు. లోపలున్న ఫోము చుట్ట టైరుకూ రిమ్ముకూ మధ్య పరుపులాగా నిలిచింది. మెల్లగా, కొంచెం అటూ ఇటూ తూలుతూ, నా నడక వేగానికి సరిగ్గా వాడు కోటగిరి దాకా తొక్కుకుంటూ వచ్చాడు. అదే ఉత్త టైరయితే రిమ్ము రాళ్ళకు కొట్టుకుని సొట్టలు పడిపోయేది.

ఫోము అంటే నురగ. సబ్బు నురగలో బుడగలున్నట్టే దీనిలోనూ చిన్న చిన్న గాలి గదులుంటాయి. ఇందులో రెండు జాతులున్నాయి. గిన్నెలు తోమే స్పాంజిలో గదుల గోడలకు చిల్లులుంటాయి, ఒక గదిలోనించి మరొక గదిలోకి నీళ్ళు పోతాయి. హవాయి చెప్పు అడుగున గదులు దేనికది మూసి ఉంటాయి. రెంటినీ బకెట్టులో వేసి, నొక్కి, పైకి తీసి పిండి చూడండి. స్పాంజి గ్లాసెడు నీళ్ళు కక్కుతుంది, చెప్పు ముక్క ఒక్క చుక్క కూడా తాగదు. టైరులోకి పనికివచ్చేది ఈ చెప్పు జాతి ఫోము. స్పాంజి పెడితే అది పోసిన మందంతా తాగి కూచుంటుంది.

మూసిన గదుల ఫోముకు ఇంకొక గుణం ఉన్నది. టైరులోకి గాలి కొట్టినకొద్దీ ఆ ఒత్తిడికి ఫోములోని గాలి గదులు నలిగి చిన్నవవుతాయి. అంటే గాలి ఉన్నంతసేపూ అది చుట్టంలాగా ఒదిగి ఒక మూల కూచుంటుంది. గాలి పోగానే ఒళ్ళు విరుచుకుని ఆ చోటును తానే నింపుతుంది. ఒత్తిడి పెరిగితే గాలి పరిమాణం తగ్గుతుందని రాబర్టు బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ఇక్కడ పనిచేస్తున్నది. మీరు కూడా చూడవచ్చు. సూదిలేని పెద్ద సిరంజిలో, చింతగింజంత ఊదిన రబ్బరు బుడగను వేసి, ముందు చిల్లును వేలితో మూసి కాడను నొక్కండి. బుడగ ముడుచుకుంటుంది. వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది.

కోటగిరిలో ఒక వేపచెట్టు కింద సైకిలు షాపు కనిపించింది. షాపు అంటే ఒక రేకుల పందిరి, ఒక గాలిపంపు, నీళ్ళ తొట్టి, చెట్టు కొమ్మకు దండల్లాగా వేలాడే పాత టైర్లు. షాపు తాత మా వాడి చక్రం విప్పటానికి కూచుని, అంచు పక్కకు లాగి లోపలికి తొంగి చూశాడు.

"గిదేంది సారూ! టైర్ల ట్యూబు లేదు, మెత్త పెట్టిండ్రు!" అన్నాడు.

ఈ వైపున తలగడను మెత్త అంటారు. ఆ వస్తువుకు అంతకన్న మంచి పేరు నాకు తట్టలేదు. దాని ఉపయోగం కూడా ఆ పేరులోనే ఉన్నది.

అంతలో ఒక అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చింది. పదో తరగతి చదువుతున్నదట. పక్క ఊరు. రోజూ సైకిలు మీదనే కోటగిరి బడికి వస్తుంది. వెనక చక్రం నేలకు అంటుకుపోయి ఉన్నది.

"తాతా, రేపు లెక్కల పరీక్ష. పొద్దుగాలనే రావాలె. ఇయ్యాల్నే చేసియ్యవా?" అన్నది.

తాత మా వాడి చక్రాన్ని చెట్టుకు ఆనించాడు. "పరీక్ష పిల్లది ముందుగాల చేస్త. మీరు జర కూసోండ్రి సారూ" అన్నాడు. ఆయన చేసింది సబబే. నేను మా వాణ్ణి పక్కన కూచోబెట్టాను.

పంక్చరు వెయ్యటం మీరందరూ చూసే ఉంటారు గనక అదంతా చెప్పను. ఆ అమ్మాయి ట్యూబు నీళ్ళలో పెడితే రెండు చోట్ల బుడగలు వచ్చాయి. అదివరకే దానికి పదకొండు అతుకులున్నాయి! చాలామంది మరిచిపోయే ఒక పని మాత్రం తాత మరిచిపోలేదు. టైరు లోపలంతా పాత నూలుగుడ్డతో తుడుచుకుంటూ పోయాడు. ఒక చోట గుడ్డ పోగు పట్టుకున్నది. అక్కడ విరిగిన తుమ్మముల్లు మొన ఒకటి ఉన్నది, కంటికి కనిపించనంత చిన్నది. దాన్ని తీయకుండా ట్యూబు బిగిస్తే ఊరు దాటకుండానే మళ్ళీ గాలి పోయేది. పొలాలకు కంచె వేయటానికి తుమ్మకంప ఈడ్చుకుపోతారు, రాలిన ముళ్ళు రోడ్డు మీద పడి ఉంటాయి. తడి నేలలో మెత్తబడతాయి, ఎండలో మేకులవుతాయి.

మా మేనల్లుడికి జాలి కలిగింది. "తాతా, నా ఫోము చుట్ట తీసి ఈ అమ్మాయి టైరులో పెట్టు. నేను మరొకటి కొనుక్కుంటాను" అన్నాడు. వాడి మంచితనానికి నాకు సంతోషమే అయింది. ఆ చుట్ట ఖరీదుతో కోటగిరిలో ఎన్నో పంక్చర్లు వేయించవచ్చు.

తాత నవ్వి, ఇందాక తీసిన ముల్లును చిమటాతో పట్టుకుని, ఆ చుట్ట అంచున గుచ్చాడు. అది వెన్నలో దిగినట్టు దిగింది.

"ముల్లుకు మెత్త ఏం అడ్డమైతది బిడ్డా? ఇది రాయి కోసం పెట్టింది. పిల్ల బండికి ముల్లుతోని పని."

ఫోము సంగతి పుస్తకాల్లో చదివి నేను తెలుసుకున్నది కూడా అంతే! కాని నాకు అది అంత సూటిగా తట్టలేదు. సైకిలు టైరుకు రెండు రకాల గాయాలు తగులుతాయి. ముల్లు బయటినించి గుచ్చుతుంది. రాయి అట్లా కాదు, అది టైరును లోపలికి అణిచి, ట్యూబును తనకూ రిమ్ము అంచులకూ మధ్య పెట్టి నలుపుతుంది. అప్పుడు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. చూడటానికి పాముకాటులాగా ఉంటాయి గనక ఇంగ్లీషువాళ్ళు దాన్ని పాముకాటనే అంటారు. ట్యూబు లేకపోతే ఈ రెండో బాధ చాలా తగ్గుతుంది, కాని రిమ్ము సొట్టపడుతుంది, టైరు తెగుతుంది. కొండల మీద రాళ్ళలో తొక్కేవాళ్ళు పట్టు కోసం గాలి తక్కువగా, 20, 25 పౌన్లు మాత్రమే ఉంచుతారు గనక వాళ్ళకు ఈ భయం ఎక్కువ. ఫోము వాళ్ళ కోసం పుట్టింది. దాని వల్ల బరువు పెరుగుతుంది, కొన్ని రకాలు చక్రానికి పావుకిలో దాకా తూగుతాయి. ముల్లును ఆపేది ఫోము కాదు, పాలమందు.

మరి అమ్మాయి సైకిలుకు ఏం చెయ్యాలి? తాత చెట్టుకు వేలాడే దండల్లోనించి ఒక అరిగిన టైరు తీశాడు. తీగలున్న రెండు అంచులూ కోసి పారేసి, మిగిలిన నడిమి పట్టీని టైరు లోపల చుట్టూ పరిచి, దాని మీద ట్యూబు పెట్టాడు. ఇప్పుడు ముల్లు రెండు టైర్లు దాటితే గాని ట్యూబును తాకదు. "బరువు తొక్కుడు అయితది, మరి," అని ముందే చెప్పాడు. అమ్మాయి "పర్వాలేదు తాతా" అన్నది. పాత టైరుకు తాత డబ్బు తీసుకోలేదు.

గాలికి బదులు ఏదో ఒకటి పెట్టి ఇల్లు చేరుకోవటం ఈనాటిది కాదు. దారిలో ట్యూబు పాడైతే టైరులో ఎండుగడ్డి దట్టంగా కుక్కుకుని ఊరు చేరిన సైకిలు యాత్రికులున్నారు. 1941 డిసెంబరులో జపాను సైన్యం మలయా మీదికి దండెత్తినప్పుడు వేలమంది సిపాయిలు సైకిళ్ళ మీదనే పోయారు. ఎండకు టైర్లు పాడైతే ఊడబీకి ఉత్త రిమ్ముల మీద తొక్కేవారట. రాత్రిపూట రోడ్డు మీద ఆ ఇనప చప్పుడు విని, ఎదుటి సిపాయిలు ట్యాంకులు వస్తున్నాయని భ్రమపడ్డారని చెబుతారు.

గాలి టైరు కూడా ఒకేసారి కుదరలేదు. 1845లో రాబర్టు తామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి మనం ఎరిగిన సైకిలే లేదు, అందరూ మరిచిపోయారు. తరవాత బెల్‌ఫాస్టులో జాన్ డన్లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ మీద దడదడలాడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు కట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. కాని ఆ టైరును చక్రానికి బంకతో అంటించేవారు. పంక్చరైతే ఊడదీసి, అతికించి, బంక ఆరటానికి రాత్రంతా ఆగాలి. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీసి మళ్ళీ పెట్టగల టైరు చేశారు. ఎంత సులువో లోకానికి చూపించటానికి మరుసటి ఏడు తాము పెట్టిన పందెం దారిలో వాళ్ళే మేకులు చల్లించారట! పందెగాళ్ళు ఏమన్నారో గాని, మన తాత ఆనాడు అక్కడ ఉంటే వాళ్ళ చెవులు మెలివేసేవాడు.

తాత చివరికి మా వాడి చక్రం పట్టాడు. ఫోము పెట్టిన టైరును విప్పటం మహా కష్టం. మా వాడు దారిలో ప్రయత్నించి రెండు ప్లాస్టిక్ పట్టీలు విరగ్గొట్టుకున్నాడు కూడా. తాత పట్టీ ముట్టుకోకుండా, టైరు అంచును బొటనవేళ్ళతో నొక్కి చుట్టూ రిమ్ము నడిమి గాడిలోకి దింపాడు. ఆ గాడి రిమ్ము అంచులకన్న లోతు గనక అక్కడ చుట్టుకొలత తక్కువ. ఒక వైపు గాడిలోకి దిగిన అంచు రెండో వైపున వదులుగా పైకి లేచింది. ట్యూబు లేని టైరు తాత చేతికి రావటం అదే మొదలు, అయినా చెయ్యి అడుగుతున్నదేమిటో ఆయనకు తెలిసింది. తెగిన చోట లోపల పాత టైరు ముక్క అంటించి, ఫోము తీసి, మా వాడి సంచిలో ఉన్న మామూలు ట్యూబు ఎక్కించాడు. నా చక్రానికి నాలుగు అతుకులు పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే మేము టీకొట్టు దగ్గర ఉండగా అమ్మాయి గంట కొట్టుకుంటూ పోయింది. బరువు చక్రం గనక నిలబడి తొక్కుతున్నది. పరీక్షకు చాలా వ్యవధి ఉన్నది. మా వాడు చెయ్యి ఊపాడు, ఆ పిల్ల చూడలేదు. పెదవులు కదులుతున్నాయి, సూత్రాలు వల్లె వేసుకుంటున్నది కాబోలు.

నా టైరులోనించి తీసిన పల్లేరు గింజలు ఇప్పటికీ నా బల్ల మీద ఒక సీసాలో ఉన్నాయి. సీసాను ఎట్లా కుదిపినా ప్రతి గింజకూ ఒక ముల్లు పైకే ఉంటున్నది.